గొడుగు దింపిన చోటు

డబ్బాల మాస్టారు స్పీకరు అమ్మేటప్పుడు వాట్ల లెక్క చెప్పేవాడు కాదు. "వాట్లదేముందండీ, ఎవడైనా రాసుకుంటాడు. ఎంత దూరం వినపడుతుందో అడగండి, చెప్తా" అనేవాడు. అడిగినవాళ్ళకి డబ్బా వెనక్కి తిప్పి చూపించేవాడు. అక్కడ ఎర్ర పెయింటుతో, సొంత చేతిరాతతో, 'బడి గోడ దాకా' అనో 'రైలు గేటు దాకా' అనో ఉండేది. ఇంట్లో కూర్చుని పాటలు వినడానికి కొనుక్కునే స్పీకరు రైలు గేటు దాకా ఎందుకు వినపడాలని మాత్రం ఎవరూ అడగలేదు. తాను కొన్న సంగతి నాలుగు వీధులకి తెలియకపోతే కొన్నట్టే కాదనుకునే మనుషులు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళ పుణ్యమా అని మాస్టారి కొట్టు ముప్పై ఏళ్ళు నడిచింది.

ఆ దూరం నోటికొచ్చింది రాసింది కాదు, కొలిచి రాసిందే. కొట్టున్న వీధి తిన్నగా ఉంటుంది. ఈ చివర కొట్టు, ఆ చివర రైలు గేటు. మధ్యలో వరసగా టైలరు షాపు, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం, పిండి మర, ప్రింటింగ్ ప్రెస్సు, బడి గోడ. కొత్త డబ్బా తయారైనప్పుడల్లా పొద్దున పది గంటలకి దాన్ని గుమ్మంలో వీధివైపు తిప్పి పెట్టి, ఎప్పుడూ ఒకే క్యాసెట్టు వేసేవాడు. ఆయన భార్య నల్ల గొడుగు తెరిచి పైకెత్తి పట్టుకుని వీధి వెంట నడిచేది. పాట వినపడుతున్నంతసేపూ గొడుగు పైనే ఉండాలి. వినపడటం మానేసిన చోట ఆగి గొడుగు దింపాలి. అప్పుడు మాస్టారు పెయింటు డబ్బా, కుంచె పట్టుకుని వెళ్ళి, ఆవిడ ఆగిన చోట గోడ మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన నెలా సంవత్సరమూ వేసేవాడు.

వీధివాళ్ళు ఆవిడకి గొడుగక్క అని పేరు పెట్టారు. ఎండా వానా లేని పూట గొడుగెత్తుకుని నడిచే మనిషికి అంతకన్నా మర్యాదైన పేరు ఎవరు పెడతారు? ఆవిడ కూడా ఏమీ అనుకునేది కాదు. పైగా ఆ నడక అంటే ఆవిడకి ఇష్టం. మొగుడు గుమ్మంలో నిలబడి రెప్పవేయకుండా తనవైపే చూసేది వారంలో ఆ పావుగంటే.

గోడల కొలతకి ముందు ఇంకో పని ఉంది. కొత్త స్పీకరులో గరాటులా ఉండే అట్ట కోను బిగుసుకుని ఉంటుంది, కాస్త నలిగితే గానీ గొంతు విప్పదు. అందుకని కొట్టు లోపల గంటసేపు పూర్తి సౌండుతో మోగించాలి. ఆ గంటా ఎవరో ఒకరు పక్కనే కూర్చోవాలి. లోపలి కాయిల్ వేడెక్కితే సన్నగా మాడు వాసన వస్తుంది. వెంటనే ఆపకపోతే పని మొత్తం మొదటికొస్తుంది. ఆ కాపలా ఆవిడది. ఎటూ కూర్చుంటుంది కదా అని, తర్వాతి డబ్బాల కోన్లకి జిగురు పూసే పని కూడా ఆవిడ ముందే పెట్టేవాడు. అక్కడ ఉండాల్సింది ముక్కు, చెవులతో పనిలేదు. కానీ ముక్కుని ఒక్కదాన్నే అక్కడ కూర్చోబెట్టి చెవుల్ని ఇంట్లో దాచుకోవడం ఎవరివల్లా కాదు.

మరి ఆ గంటసేపూ మాస్టారు ఎక్కడుండేవాడు? టీ కొట్టులో. "ఆ మోత నావల్ల కాదు బాబూ, తల పగిలిపోతుంది" అని నలుగురిలో నవ్వుతూ చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు చెప్పాడు. తన తల పగిలే చోట పక్కమనిషి తల ఎలా ఉంటుందోనన్న ఆలోచన ఒక్క టీ గ్లాసులోనూ తేలలేదు.

మొదట్లో మాస్టారి డబ్బాలు రైలు గేటు దాకా వినపడేవి. కొన్నేళ్ళకి ఏ డబ్బా చేసినా గొడుగు బడి గోడ దగ్గరే దిగిపోవడం మొదలైంది. జిగురులో కల్తీ అనుకుని మాస్టారు జిగురు మార్చాడు. ఇంకో రెండేళ్ళకి గొడుగు ప్రెస్సు దగ్గర దిగింది. మాగ్నెట్లు నాసిరకం ఇస్తున్నాడని మొదటినుంచీ సరుకు వేస్తున్న వ్యాపారితో కొట్టు మధ్యలో నిలబడి తగువేసుకున్నాడు. పిండి మర దగ్గర దిగిన సంవత్సరం ప్లైవుడ్డుని తిట్టాడు. ఆంప్లిఫయర్ పెద్దది కొన్నాడు. కోన్లు వెడల్పు చేశాడు. లోపల గంటసేపు మోగించేది గంటన్నర చేశాడు. టైలరు వచ్చి, "మాస్టారూ, నా బల్ల మీద గుండుసూదులు నడిచి కింద పడుతున్నాయి, చూసి పోండి" అని మొత్తుకున్నాడు.

"సూదులు కాదయ్యా, నా డబ్బా నడవాలి. పిండి మర కూడా దాటట్లేదు" అన్నాడు మాస్టారు విసుగ్గా.

"మర దాటకపోవడమేంటి? మా బావమరిది గేటు అవతల ఉంటాడు, కిటికీ తలుపులు వేసుకుంటున్నాడు!"

మాస్టారు ఆ మాట చెవిన పెట్టలేదు. ఓర్వలేక అంటున్నాడనుకున్నాడు. పక్కవాళ్ళ చెవుల్ని నమ్మే అలవాటు ఆయనకి లేదు. గొడుగు ఒక్కటే లెక్క.

ఇంట్లోనూ చిరాకులు మొదలయ్యాయి. మంచినీళ్ళు అడిగితే రావు. పిలిస్తే పలకదు. ఈ మధ్య ఈవిడకి పొగరెక్కింది అనుకున్నాడు. ఆవిడ చెల్లెలైతే ఫోను చేయడమే మానేసింది. నేనొకటి అడిగితే అక్క ఇంకోటి చెబుతుంది, నా మాటంటే లెక్కలేదు అని అందరి దగ్గరా చెప్పుకుని బాధపడింది. ఆ ఫోను కోసం ఆవిడ చాలారోజులు ఎదురుచూసింది. ఎందుకు రావడం లేదో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినపడి ఉండదు.

ఆవిడ ఒక్కసారి నోరు విప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం దగ్గరే గొడుగు దిగిన రోజది. కొట్టులో ఇద్దరు కొనేవాళ్ళున్నారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"చెవుడా ఏంటే నీకు? ఇంత మోత పెడితే స్తంభం దాకానా?"

ఆవిడ గొడుగు ముడుస్తూ మెల్లగా, "అదేనేమోనండీ. నాకే సరిగ్గా వినపడటం లేదేమో. ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే..." అంది.

"నీ చెవులకేం! ఎవరింట్లో ఏం గొడవో అన్నీ నీకే ముందు తెలుస్తాయిగా!"

కొనేవాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. తలొంచుకుని గొడుగు ముడుస్తున్న ఆవిడకి ఈ రెండో మాట వినపడలేదు గానీ, తలెత్తేసరికి నవ్వడం కనపడింది. ఆవిడా నవ్వేసి లోపలికెళ్ళిపోయింది. డాక్టరు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాతి డబ్బా గేటు దాకా వినపడింది.

మాస్టారు నమ్మలేక రెండోసారి నడిపించాడు. రెండోసారీ గేటే. ఆ తర్వాతిదీ గేటే. అదంతా కొత్త మాగ్నెట్ల మహిమ అన్నాడు. టీ కొట్టులో అందరికీ టీ ఇప్పించాడు. బడి గోడ చివర, గేటు పక్కన, కొత్త తేదీతో మూడంగుళాల మందాన గీత గీశాడు. మూడేళ్ళు ఏ డబ్బా తప్పలేదు. ఆవిడ గేటు దగ్గర గొడుగు దింపి వెనక్కి తిరిగి, ఇంత దూరం నుంచే మొగుడి మొహం ఎలా వెలుగుతోందో చూసుకుంటూ వచ్చేది.

ఒకరోజు గేటు అవతల కొత్తిల్లు కట్టుకున్న లారీల ఓనరు వచ్చాడు. వెంట ఇద్దరు బావమరుదులు. హాల్లో పెట్టుకోవడానికి జంట డబ్బాలు చేయించుకున్నాడు. దూరం కళ్ళారా చూసి తీసుకెళ్తానన్నాడు. మాస్టారు డబ్బాల్ని గుమ్మంలో పెట్టి క్యాసెట్టు వేశాడు. టైలరు కుట్టుమిషను ఆపి బయటికొచ్చి నిలబడ్డాడు. గొడుగు లేచింది. ఆవిడ నడిచింది.

టైలరు షాపు దాటిందో లేదో, కరెంటు పోయింది.

పాట ఠక్కున ఆగిపోయింది. వీధంతా నిశ్శబ్దం. పిండి మర కూడా ఆగిపోవడంతో ఎక్కడో ఎవరో దగ్గడం కూడా వినపడింది. మాస్టారు, "ఏమే, వచ్చెయ్, కరెంటు పోయింది!" అని కేకేశాడు. గొడుగు ఆగలేదు. నిటారుగా, పైకెత్తిన చెయ్యి కొంచెమైనా వంగకుండా, స్తంభం దాటింది. మర ముందు నిలబడ్డ మనిషి ఆవిడని పలకరించి, జవాబు లేకపోతే మాస్టారి వైపు తిరిగి చూశాడు. గొడుగు ప్రెస్సు దాటింది. లారీల ఓనరు బావమరిదిని మోచేత్తో పొడిచాడు. గొడుగు బడి గోడ పొడుగునా వెళ్ళింది. మాస్టారు గుమ్మం దిగి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఏ చప్పుడూ లేని వీధిలో ఆవిడ రైలు గేటు దాకా నడిచి, అక్కడ ఆగి, కాసేపు చెవి ఒగ్గి విన్నట్టు నిలబడి, గొడుగు దింపింది.

"భలే డబ్బాలు మాస్టారూ! కరెంటు లేకపోయినా గేటు దాకా వినపడుతున్నాయి!" అన్నాడు ఓనరు. బావమరుదులు కడుపు పట్టుకుని నవ్వారు. టైలరు మాత్రం నవ్వలేదు. తలొంచుకుని లోపలికెళ్ళాడు.

ఆవిడ చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది. అందరి మొహాల్లో నవ్వు చూసి తనూ నవ్వింది. మాస్టారి మొహం చూశాక ఆ నవ్వు కాస్త తగ్గింది. అయినా అలవాటైన మాట అలవాటుగా అనేసింది.

"గేటు దాటినా వినపడేలా ఉందండీ. పాటలో ఒక్క మాట పోలేదు."

మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తొడిగి, సౌండు వినపడినప్పుడల్లా నొక్కమని చేతికి ఒక మీట ఇచ్చారు. ఆవిడ అద్దంలోంచి పరీక్ష చేసే అమ్మాయి మొహమే చూస్తూ, టకటకా నొక్కుతూ పోయింది. ఆ అమ్మాయి బయటికొచ్చి మాస్టారితో, "నేనింకా సౌండే పెట్టలేదండీ" అంది.

డాక్టరు కాగితాలు చూసి, చెవి మిషను పెట్టినా పెద్దగా లాభం ఉండకపోవచ్చన్నాడు. "మెల్లమెల్లగా పోయిన చెవులు. ఎప్పటినుంచి తగ్గుతోంది?" అని అడిగాడు.

"తెలీదండీ. నిన్నటిదాకా బాగానే ఉంది" అన్నాడు మాస్టారు.

డాక్టరు ఆయన్ని ఒకసారి తేరిపార చూసి, అదే ప్రశ్న కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చదువుకుంది. మొగుడి వైపు చూసింది. కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

బస్సు గేటు దగ్గర దింపింది. ఇద్దరూ కొట్టువైపు నడుస్తున్నారు. మాస్టారు తల దించుకుని ముందు నడిచాడు. వెనక అడుగుల చప్పుడు ఆగితే తిరిగి చూశాడు. ఆవిడ గోడ దగ్గర నిలబడి సంచిలోంచి డాక్టరు రాసిన కాగితం తీసింది. మడిచిన గొడుగు కొసతో గేటు పక్కన బాగా వెలిసిపోయిన పాత గీతని చూపించింది. అక్కడ ఆయన చేత్తో వేసిన సంవత్సరం ఉంది. నాలుగడుగులు వేసి బడి గోడ మీది గీత చూపించింది. తర్వాత ప్రెస్సు. తర్వాత పిండి మర. ప్రతి చోటా నెలా సంవత్సరమూ ఉన్నాయి. చివరికి స్తంభం దగ్గర ఆగింది.

"ఎప్పటినుంచి అని అడిగారుగా డాక్టరు. మీరే రాసిపెట్టారు. ఒక్క ఏడు కూడా వదల్లేదు" అంది.

మాస్టారు ఆ గీత మీద వేలు పెట్టి సంవత్సరం చదువుకున్నాడు. ఇన్నేళ్ళూ తాను కొలిచింది ఏమిటో అప్పుడు తెలిసింది. జిగురుని తిట్టాడు, మాగ్నెట్లని తిట్టాడు, ప్లైవుడ్డుని తిట్టాడు. తప్పు ఎక్కడుందో వీధి పొడుగునా తన చేత్తోనే ఎర్రగా రాస్తూ వచ్చాడు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాడు. అడగకూడని మాట అని అంటుండగానే తెలిసింది. ఆవిడ ఆయన పెదాలు చూసి అర్థం చేసుకున్నట్టుంది.

"చెప్పాను. నవ్వారు" అంది. "మీరు మళ్ళీ నన్నలా నలుగురిలో అంటారేమోనని గేటు దాకా నడిచాను. అంతే."

ఆవిడ కొట్టువైపు వెళ్ళిపోయింది. మాస్టారు అక్కడే నిలబడి ఆవిడని పిలిచాడు. ఒకసారి మామూలుగా, తర్వాత గట్టిగా, తర్వాత ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ పిలవనంత గట్టిగా. టైలరు బయటికొచ్చాడు. ప్రెస్సులోంచి ఇద్దరు తొంగి చూశారు. బడి గోడ అవతలి నుంచి కూడా ఎవరో ఏమైందని కేకేశారు. ఇరవై అడుగుల దూరంలో ఆవిడ వెనక్కి తిరగకుండా, గొడుగు చంకలో పెట్టుకుని, తన దారిన తాను నడిచిపోతోంది.