పన్నెండు లైసెన్సుల పరశురాముడు

ముప్పై రోజులు కంటికి కనబడకపోతే పేరు కొట్టేస్తాననడం పరశురాముడి జబ్బు. చుట్టాలు, స్నేహితులు, పై ఆఫీసర్లు అన్న తేడా ఏమీ లేదు.

ఈ జబ్బు అతనికి దేశం కాని దేశంలో, తంజోంగ్ పగార్‌లో ఉన్న ఆఫీసులో అంటుకుంది. ఐటీ ఉద్యోగాలు వానలా కురుస్తున్న రోజులవి. పొద్దున చేరినవాడు సాయంత్రానికి ఇంకో కంపెనీలో తేలేవాడు. కంప్యూటరు ముందు కూర్చున్నది ఫలానా మనిషేనా, అతనికి ఏది తెరవాలి, ఏది తెరవకూడదు అని చూసే సాఫ్ట్‌వేరు ఒకటి వాళ్ల ఆఫీసులో ఉంది. దాన్ని తలకింత అని ఏడాదికోసారి కొంటారు. ఆరువేల తలలకి కొంటే ఆరువేలే. ఒక్క తల ఎక్కువైనా తనిఖీవాళ్లు వచ్చి కూర్చుంటారు. అందుకని ముప్పై రోజులు లోపలికి రానివాడి లైసెన్స్ పీకి కొత్తగా చేరినవాడికి ఇవ్వాలి. పీకేది పరశురాముడు.

ఎంత నిక్కచ్చిగా పీకేవాడంటే, ఒకసారి ఊరెళ్తూ, తను ముప్పై రెండు రోజులు రానని చూసుకుని, తన లైసెన్స్ తనే పీకేసుకున్నాడు. తిరిగొచ్చాక కంప్యూటరు రానివ్వలేదు. మళ్లీ ఇచ్చే అధికారం ఎవరికుందయ్యా అంటే ఒక్క పరశురాముడికే ఉంది. పాపం రెండు రోజులు చేతులు కట్టుకుని తన కుర్చీలోనే కూర్చున్నాడు. రూలు బాగా పనిచేస్తోందని మాత్రం వచ్చిపోయేవాళ్లందరికీ గర్వంగా చెప్పుకున్నాడు.

జబ్బు ఆఫీసులోనే ఉండిపోతే బాధ లేకపోను. వుడ్‌ల్యాండ్స్‌లో తాముండే ఫ్లాట్‌కి కూడా తెచ్చాడు. ప్రతి ఆదివారం వాళ్లింట్లో తెలిసినవాళ్లకి భోజనాలు. కుర్చీలు, స్టూళ్లు, మంచం అంచు అన్నీ కలిపితే పన్నెండుమందికి చోటు. కాబట్టి పన్నెండు లైసెన్సులు. భార్య అరుంధతి వండేది, అతను ఫ్రిజ్ మీద అంటించిన జాబితాలో వచ్చినవాళ్ల పేరు పక్కన తేదీ వేసేవాడు. బీపీ ఉన్న రంగనాథ్ గారికి భోజనం మీద పూర్తి హక్కు, ఆవకాయ మీద మాత్రం చూసే హక్కు. ఆయన జాడీ వైపు చూస్తూ పెరుగన్నం తినేవారు.

పక్క ఫ్లాట్ పుష్పవల్లికీ ఆమె భర్త కేశవ్‌కీ చెరో లైసెన్స్ ఉండేది. ఇద్దరూ మలేషియాలో పుట్టిన తెలుగువాళ్లు. కేశవ్ పోయాక ఆమె ఇనప గేటు వేసుకుని లోపలే ఉండిపోయింది. ఓదార్చడానికి వచ్చినవాళ్లని ఓదార్చి పంపేసరికి ఆమె ఓపిక అయిపోయింది. ఇక ఎవరూ రాకపోతే చాలనుకుంది. ఎవరూ రాలేదు కూడా, పరశురాముడు తప్ప.

ఇరవై తొమ్మిదో రోజున బెల్లు కొట్టాడు.

"ఆంటీ, రేపటితో మీ లైసెన్స్ అయిపోతుంది."

"అయిపోనీ."

"పోతే మళ్లీ దొరకదు. వెయిటింగులో ఏడుగురున్నారు."

"ఆ ఏడుగురికీ పెట్టుకో. నా పేరు కొట్టేయ్."

పై నెల మళ్లీ వచ్చాడు. పోయిన నెలే అయిపోవాలిగా అని నిలదీస్తే, పైవాళ్లు కొంచెం గడువిచ్చారన్నాడు. నీ ఇంట్లో నీకు పైవాళ్లెవరురా అని పుష్పవల్లి చెడామడా తిట్టింది. మూడో నెల తెలుగులో మొదలుపెట్టి, తెలుగు చాలక తమిళంలోకి, అదీ చాలక మలయ్‌లోకి వెళ్లింది. అతను బుద్ధిగా అంతా విని, వాచీ చూసుకుని, వెళ్లొస్తానని వెళ్లాడు. నాలుగో నెలకి ఆమె ఏం తిట్టాలో రెండు రోజుల ముందే అనుకుని, తల దువ్వుకుని కూర్చుంది.

ఐదో నెల ఇరవై తొమ్మిదో రోజున బెల్లు మోగలేదు. ముప్పయ్యో రోజూ మోగలేదు. పాడైందేమోనని పుష్పవల్లి బయటికొచ్చి తనే నొక్కి చూసింది. బాగానే ఉంది. అంటే కొట్టేశాడన్నమాట. కొట్టేయమన్నది తనే. అయినా ఎక్కడో కలుక్కుమంది. ఇక తన తలుపు దగ్గరికి రావాల్సిన పని లోకంలో ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి అరుంధతి తలుపు తట్టింది. మీ ఆయన నా పేరు కొట్టేశాడా అని అడిగింది. ఆఫీసులో ఏడాది రెన్యూవల్ అట, తలలు లెక్కపెడుతూ నాలుగు రోజులుగా మనిషి నిద్రకి మాత్రమే ఇంటికొస్తున్నాడట. కావాలంటే చూసుకోండి ఆంటీ అని అరుంధతి ఫ్రిజ్ చూపించింది.

పుష్పవల్లి కళ్లద్దాలు సర్దుకుని చదివింది. పన్నెండు దాటినా జాబితా ఆగలేదు. ఇరవై మూడు పేర్లున్నాయి.

"ఆరేళ్లలో ఒక్క పేరు కొట్టేయలేదు ఆంటీ," అంది అరుంధతి. "ఒంటరిగా ఉండేవాళ్లని రమ్మంటే రారట, పోతుందంటే వస్తారట. వెయిటింగూ లేదు, పాడూ లేదు. తనిఖీవాళ్లు మా ఇంటికొస్తే మొదట ఈయన్నే పట్టుకెళ్తారు."

తన పేరు పక్కన, కేశవ్ పోయిన తర్వాతవి నాలుగు తేదీలున్నాయి. "నేను రానేలేదుగా, ఇవేంటి?"

"మీరు తిట్టిన రోజులు. తిట్టడానికి గేటు దాకా వచ్చారుగా, వచ్చినట్టే లెక్కట. మూడు భాషల్లో తిట్టిన రోజున ఈయన ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు."

పుష్పవల్లి కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. ముక్కులోంచి నవ్వొచ్చింది. ఫ్రిజ్ పట్టుకుని, కడుపు పట్టుకుని, చివరికి వంటింట్లో కింద కూర్చుని నవ్వింది. అరుంధతి మంచినీళ్లు తెచ్చేదాకా ఆపలేకపోయింది.

ఆదివారం పద్నాలుగుమంది వచ్చారు. ఇద్దరు కంచాలు పట్టుకుని నిలబడే తింటున్నారు. ఇంతలో వరండాలో కర్రుమని చప్పుడైంది. పుష్పవల్లి తన డైనింగ్ కుర్చీలు ఒక్కోటీ ఈడ్చుకొస్తోంది.

"ఏంటివి ఆంటీ?"

"ఇరవై ముగ్గురికి పన్నెండు ఏం సరిపోతాయి? ఇంకో ఆరు కలుపుకో."

పరశురాముడు భార్య వైపు చూశాడు. అరుంధతి సాంబారు గిన్నె వైపు చూసింది. దొరికిపోయిన మనిషి జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇవి ఎన్నాళ్లకి ఆంటీ? ఏడాదికా?"

"ఆ పెన్ను లోపల పెట్టి ఇటు రా," అంది పుష్పవల్లి, తన గుమ్మం వైపు నడుస్తూ. "బల్ల ఇంకా లోపలే ఉంది. అవతలి కొస నువ్వు పట్టుకో."