ఇంజను నోట్లో గుడ్డ

నా చిన్నప్పుడు మా మిరప చేనుకి కాలవ నీళ్ళు తోడేది ఒక డీజిల్ ఇంజను. దాని ఆలనాపాలనా అంతా మా బాబాయిదే. పదో తరగతి తప్పి ఇంట్లో అందరి చేతా మాటలు పడే మనిషికి, ఆ ఇంజను దగ్గర మాత్రమే కాస్త మర్యాద దక్కేది. వారం వారం దాని ఊపిరి గొట్టం విప్పి, లోపలి తీగల జాలీని కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి మళ్ళీ బిగించేవాడు.

ఊపిరి గొట్టమంటే ఇంజను కడుపులో చేరిన గాలి, ఆవిరి బయటికి పోయే దారి. అప్పుడు నాకేం తెలుసు! గట్టు మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటుంటే, అది బుస్సుమంటూ నా శనివారం తెల్ల డ్రస్సు మీద నల్ల చుక్కలు చిమ్మింది. ఒళ్ళు మండిపోయింది. బాబాయి చేలో నీళ్ళ మడవ తిప్పడానికి వెళ్ళగానే, పలక తుడుచుకునే పరికిణీ పీలికని దాని మూతిలో గట్టిగా కుక్కేశాను.

మర్నాడు ఇంజను సందుసందునా నూనె కక్కి ఆగిపోయింది. చేను పూత మీదుంది, మా నీళ్ళ వంతులో ఇక మిగిలింది ఆ ఒక్కరోజే. నాన్న బాబాయి మీద విరుచుకుపడ్డాడు.

"ఒరేయ్, ఇది చూసుకోవడం కూడా చేతకాలేదట్రా నీకు? ఇక దీని మీద చెయ్యేశావో చూడు!"

బాబాయి తల వంచుకుని ఇంజను దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. నేను పలక వెనక మొహం దాచుకున్నాను.

చిలకలూరిపేట నుంచి ఇంజన్ల మేస్త్రిని పిలిపించారు. ముసలి సాయిబుగారు, పిల్లలందరం తాతా అనేవాళ్ళం. గొట్టం విప్పి, పీలిక లాగి, నా మొహం ఒకసారి చూసి, దాన్ని గుప్పిట్లో దాచేశాడు.

"గొట్టం మూసుకుపోయి లోపల ఉబ్బరం పట్టిందండీ. అందుకే సందు దొరికిన చోటల్లా నూనె తన్నేసింది," అన్నాడు.

అంటే వీడు కడగలేదన్నమాట అని నాన్న మళ్ళీ మొదలుపెట్టాడు. తాత నన్ను దగ్గరికి పిలిచాడు.

"అమ్మాయ్, నోరూ ముక్కూ మూసుకో. ఎంతసేపు ఉండగలవో చూద్దాం."

మూసుకున్నాను. బుగ్గలు ఉబ్బాయి, చెవులు గుయ్యిమన్నాయి, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఇక పట్టలేక నోరు తెరిస్తే ఊపిరితో పాటు మాటా వచ్చేసింది.

"నేనే కుక్కాను నాన్నా! బాబాయి కడిగాడు!"

తాత గుప్పిట విప్పి చూపించాడు. దెబ్బలు ఖాయమనుకున్నాను. కానీ నాన్న చెయ్యెత్తలేదు. తాత సీలు మార్చి కొత్త నూనె పోసేదాకా అలాగే నిలబడి, ఇంజను తిప్పే హాండిలు తీసి బాబాయి చేతికిచ్చాడు. "తిప్పరా," అన్నాడు, బాబాయి కళ్ళలోకి చూడలేక.

"ఓసి నీ దుంప తెగ! నా ఇంజను నోట్లో గుడ్డ కుక్కుతావుటే!" అంటూ బాబాయి నవ్వుతూ తిప్పాడు. పొద్దుగూకే లోపు చేను తడిసింది.

ఇప్పుడు చేలో కరెంటు మోటారు, నా తలలో తెల్ల వెంట్రుకలు. మొన్నామధ్య మా అత్తగారి కళ్ళజోడు మీద కూర్చుని విరగ్గొట్టి, రెండ్రోజులు దాచాను. ఆ రెండ్రోజులూ కూర మాడ్చాను, పిల్లల్ని ఊరికే కసిరాను. నూనె ఎక్కడెక్కడో కారుతోందని మూడోరోజుకి గానీ వెలగలేదు.

బాబాయి ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే. "ఏమే, గుడ్డేమీ కుక్కుకోలేదు కదా?" లేదు బాబాయ్ అంటాను. ఆ ఒక్క విషయంలో ఆయనకి అబద్ధం చెప్పలేను. అందుకని ముందు వెళ్ళి చెప్పాల్సినవాళ్ళకి చెప్పేసి వచ్చి, అప్పుడు ఫోను ఎత్తుతాను.