సిస్టరమ్మ నేర్పిన పట్టు

పెద్ద సిస్టరమ్మ పోయిందని పుంగనూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కుప్పంలో, వార్డులో, ఒక ముసలాయన చేతికి సెలైన్ సూది పెట్టి ప్లాస్టర్ అంటిస్తున్నాను. వార్డు ఆయమ్మ ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించి పట్టుకుంది. సిస్టరమ్మ చెల్లెలి కొడుకు మాట్లాడాడు. "అక్కా, పెద్దమ్మ పొద్దున్నే పోయిందక్కా. కాఫీ తాగి, లోటా కింద పెట్టి, పోయింది" అన్నాడు. నేను ప్లాస్టర్ చివరిదాకా అంటించాను. చెయ్యి వణకలేదు. ఆ సంగతి ఆమెతో చెప్పాలనిపించింది. చెప్పడానికి ఇక ఆమె లేదని అప్పుడు గాని నాకు తట్టలేదు.

ఆమెకు ఏడుపులు నచ్చవు కాబట్టి నవ్వు వచ్చే సంగతులే ముందు రాస్తాను.

తొంభైల మధ్యలో నేను సదుం దగ్గరి మా పల్లె నుంచి మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రికి నర్సు ట్రైనింగుకు వచ్చాను. ఆమె అక్కడ నర్సులందరికీ పెద్ద. మాది టమాటా, వేరుశనగ వేసే ఇల్లు. మా ఇళ్లలో ఏ పనిముట్టునైనా గట్టిగా పట్టుకోమనే నేర్పుతారు. కొడవలి జారితే కాలు తెగుతుంది, చేంతాడు జారితే బిందె బావి పాలవుతుంది. నేను సూదిని కూడా ఆ పట్టే పట్టాను.

మొదట నారింజపళ్ల మీద నేర్పారు. నారింజపండు ఏమీ అనదు కాబట్టి బాగానే పొడిచాను. మనిషి చెయ్యి ముందుకు వచ్చేసరికి రోగి కంటే నేనే ఎక్కువ వణికేదాన్ని. ఒకాయనైతే మంచం మీద లేచి కూర్చుని, "నువ్వు పండుకో తల్లీ, నేనేస్తా" అన్నాడు. వార్డంతా నవ్వింది. నేను స్టోరు రూములోకి పోయి దూది కట్టల మధ్య ఏడ్చాను.

ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్షలో నరానికి సూది వేసి చూపించాలి. తప్పితే ఇంటికే. మా నాయన నన్ను దించిపోయేటప్పుడే చెప్పాడు. "రాకపోతే వచ్చేయమ్మా. టమాటా కొయ్యను కూలోళ్లు దొరకడం లేదు." ఆయన ప్రేమగానే అన్నాడు. కానీ నాకు ఆ తెల్లబట్టలంటే ఎంత మోజో, వార్డులో చకచకా నడిచే ఆ నడకంటే ఎంత మోజో ఆయనకు తెలియదు. టమాటా తోటలోకి తిరిగి పోవడం నాకు చావుతో సమానంగా ఉండేది.

పరీక్షకు మూడు వారాలుందనగా సిస్టరమ్మ నన్ను ఆపింది. "ఏమ్మే, సాయంత్రం డ్యూటీ దిగి మా ఇంటెనక్కి రా."

తిట్టడానికేమో అనుకుని పోయాను. ఆమె క్వార్టర్సు వెనక వంకాయ చెట్ల పక్కన కొంత నేలను చదును చేసి, పేడతో నున్నగా అలికి పెట్టుకుంది, అచ్చం మా ఊరి కళ్లం మాదిరి. దాని కొసన ఒక పాలపిండి డబ్బా అంచు దాకా భూమిలో పాతి ఉంది. ఆమె చెప్పుల్లేకుండా నిలబడి, సన్నటి ఇనుపకర్రతో పసుప్పచ్చటి బంతిని ఆ డబ్బా వైపు తోస్తూ, దాన్ని బతిమాలుతోంది. "పోవే, పో. నిలబడతావేందే."

అది గోల్ఫ్ కర్ర. ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఉండిన ఒక దొర డాక్టరు దేశానికి పోతూ ఇచ్చిపోయాడట. అలాంటి కర్రల్లో చాలా రకాలుంటాయని, బంతిని గుంట దగ్గర్నుంచి మెల్లగా లోపలికి తోసే దీన్ని పట్టర్ అంటారని ఆమే చెప్పింది. "దూరం కొట్టేటివి దొర తీసకపాయ. దగ్గిరిది నాకిచ్చిపాయ. నర్సుకు దగ్గిరిదే కదా పని" అనేది.

కాంపౌండులో ఆ ఆట ఎవరికీ అంతుబట్టలేదు. ఆడవాళ్లు "ఈ వయసులో గోలీలాటేంది సిస్టరమ్మా" అని ఎగతాళి చేసేవాళ్లు. వాచ్‌మన్ అది పాములు కొట్టే కర్ర అని నమ్మాడు. ఒక ఆదివారం చర్చి అయ్యగారు తానూ ఒక దెబ్బ వేస్తానని ముచ్చటపడితే బంతి పోయి మురిక్కాలవలో పడింది. "ప్రసంగం మాత్రం బాగా చెప్తాడు" అని ఆమె బంతి కడుక్కుంది. ఆమె ఆటలోనూ న్యాయం అంతంత మాత్రమే. డబ్బాలో పడిన దెబ్బలే లెక్క. పడనివి గాలి వల్ల.

ఆ సాయంత్రం కర్ర నా చేతికిచ్చింది. నేను పట్టుకున్నాను. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. కొట్టాను. బంతి డబ్బా మీదుగా దూకి వంకాయ చెట్లలోకి పోయింది.

"శెనక్కాయ చెట్టు పెరుకుతాండావామ్మే? వదులుగా పట్టు."

వదిలాను. కర్ర జారి ఆమె కాలివేలి మీద పడింది.

"సరిపాయ. ఇంక నన్నే వార్డులో ఏస్తావు." ఆమె వేలు రుద్దుకుంటూ నా వెనక్కి వచ్చి నిలబడింది. "పట్టుకో. ఇంగొంచెం. ఆ." అని కర్రను పైకి లాగింది. రాలేదు. "ఎక్కువైంది." మళ్లీ లాగింది. అలా పదిసార్లు లాగాక, ఒకసారి కర్ర నా చేతుల్లోంచి మెల్లగా, ఇష్టం లేనట్టు, ఆమెతో పోయింది. "ఇదీ పట్టు. లాగితే రావల్ల, వదిలితే పడకూడదు."

"పడిపోతాదేమోనని బయం సిస్టరమ్మా."

"పడితే ఎత్తుకుంటాం. బిగిస్తే చెయ్యి వణుకుతాది. వణికేకొద్దీ ఇంకా బిగిస్తావు. యాడో ఒకచోట నిలపల్ల కదా."

ఆ రోజు నుంచి నాకు తప్పించుకునే దారి లేకుండా పోయింది. వార్డులో కలం పట్టుకుని రాస్తుంటే వెనక నుంచి వచ్చి లాగేది. థర్మామీటరు లాగేది. హాస్టల్లో చారు గరిటె పట్టుకుంటే అదీ లాగేది, నా జాకెట్టంతా చారు. వచ్చేస్తే "ఊ" అనేది. రాకపోతే "శెనక్కాయ" అని పోయేది. సాయంత్రాలు చెప్పులు విడిచి పేడ అలికిన నేల మీద నిలబడేదాన్ని. ఆమె జేబులోంచి ఉడికిన వేరుశనగలు తీసి ఒలుచుకు తింటూ చూసేది. మూడో వారానికి నా బంతి డబ్బాలో పడడం మొదలైంది. ఆమెకు కొంచెం అసూయ కూడా కలిగిందని నా అనుమానం, ఎందుకంటే గాలి లేని రోజున కూడా గాలి అనేది.

పరీక్ష రోజు నాకు వచ్చిన రోగి పుంగనూరులో పాలమ్మే ఆమె. చేతులు బక్కవి, నరాలు దారాలు. పరీక్ష పెట్టేవాళ్లు ఇద్దరు నా భుజం మీద నుంచి చూస్తున్నారు. సిస్టరమ్మ లోపలికి రాకూడదు. కానీ కిటికీలోంచి వరండా కనిపించింది. ఆమె అక్కడ గొడుగును తలకిందులుగా పట్టుకుని, ఏమీ ఎరగనట్టు, లేని బంతిని మెల్లగా తోస్తోంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతో వేళ్లు వాటంతటవే సడలాయి.

"ఏసేదుంటే బిన్నా ఎయ్యమ్మా, పాలు పిండే పొద్దాయ" అంది పాలమ్మే ఆమె.

"ఏసేసినా అమ్మా."

బయటికి పరుగెత్తి చెప్పాను. సిస్టరమ్మ గొడుగు చంకలో పెట్టుకుని, "పోయి అన్నం తిను" అంది. అంతే.

ఆమెలో నాకు నచ్చనిది ఒకటుంది. ఎవర్ని పంపించాలన్నా ఆమెకు తొందరే. ట్రైనింగు అయ్యాక నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చింది. బస్టాండుకు వచ్చి, నా చెయ్యి ఇట్లా తాకి, "ఎక్కు" అని, బస్సు కదలకముందే వెనుతిరిగి పోయింది. నేను పుంగనూరు దాకా ఏడ్చాను, పలమనేరు దాకా అలిగాను. మా ముందు బ్యాచీలనూ ఆమె అట్లాగే పంపిందని తర్వాత తెలిసింది. రిటైరై పుంగనూరులో చెల్లెలి ఇంటికి వచ్చాకా మారలేదు. ఊరికి పోతూ నేను దిగితే, గంట గడవకముందే "బస్సు టయిమాయ, పో" అనేది.

నేర్పినది మాత్రం నాతోనే వచ్చింది. రామకుప్పం వైపు రాగిచేలలో ఏనుగులు పడితే, చీకట్లో పరుగెత్తి పడి, దెబ్బలతో వచ్చేవాళ్ల చేతులు తాళం వేసినట్టు బిగుసుకుని ఉంటాయి. ఆ చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో నాకు తెలుసు.

పోయిన నెలలో ఆమెకు జ్వరం, నీరసం. ఇంటికొచ్చిన నర్సు రెండుసార్లు పొడిచినా నరం దొరకలేదట. "కుప్పం పిల్లను పిలవండి" అందట. నేను పోయాను. గడప దగ్గర అలవాటుగా చెప్పులు విడిచాను. గోల్ఫ్ కర్ర గదిలో మూలకు ఆనించి ఉంది. ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"యాల ఆలీసెం చేస్తాండావు? ఎయ్యమ్మే."

"ఏసేసినా సిస్టరమ్మా."

ఒక కన్ను తెరిచి సెలైన్ బొట్లు పడడం చూసింది. "ఊ" అంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుని పడుకుంది. నాలుగున్నరకు కుప్పం బస్సుంది. ఇంకా 'పో' అనలేదేమిటా అని చూశాను. అనలేదు. నేనే మెల్లగా చెయ్యి లాగాను. రాలేదు. ఇంకోసారి లాగాను. రాలేదు.

"సిస్టరమ్మా, లాగితే రావల్ల కదా" అన్నాను.

కళ్లు తెరవకుండానే నవ్వింది. "తెలుసులేమ్మే. ఈ పొద్దుకు ఉండనీ."

బయట రోడ్డు మీద నాలుగున్నర బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. మేము అలాగే ఉన్నాం. ఆరింటి బస్సు కూడా పోయింది.