నూకరాజు మంచం ఎక్కిన రోజు

నేను రిటైరయ్యే ఏడాది, వర్షాలు మొదలైన రోజుల్లో, నన్ను విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో జరిగిన వికలాంగుల పునఃపరిశీలన శిబిరానికి డ్యూటీ వేశారు. నా హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. అప్పటికే పింఛను అందుకుంటున్నవాళ్లను మళ్లీ పిలిచి, వైకల్యం ఉందా, ఉంటే ఏ స్థాయిలో ఉందో తేల్చడం ఆ శిబిరం పని. దొంగ సర్టిఫికెట్లు పెరిగిపోయాయన్న మాట అప్పట్లో అందరి నోటా ఉండేది. అందులో కొంత నిజమూ ఉంది.

బోర్డుకు పెద్ద, ఒక ఎముకల డాక్టరు. కండరాల బలాన్ని చేత్తో పరీక్షించి సున్నా నుంచి ఐదు వరకు గ్రేడు వేయడం, పక్కనున్న రిమార్కుల గడిలో మనిషి ఏమేం చేసుకోగలడో రాసి సంతకం పెట్టడం నా వంతు. సున్నా అంటే కండరం అసలు కదలనట్టు, ఐదంటే పూర్తి బలం. ఆఖరి నిర్ణయం డాక్టరుదే అయినా నా సంతకం లేని ఫైలు ముందుకు కదలదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

పింఛన్లలో రెండు తరగతులున్నాయి. ఒకటి మామూలు వికలాంగ పింఛను. రెండోది, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమై, ఇంకొకరి సాయం లేకుండా రోజు గడవనివాళ్లకు ఇచ్చే పెద్ద పింఛను. మూత్రం గొట్టాలకు, సంచులకు, పుండ్ల మందులకు, ఆసుపత్రికి ఆటోకు అయ్యే ఖర్చు తెలిసినవాళ్లకు ఈ రెండింటికీ మధ్య తేడా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

నూకరాజుది యారాడ. సముద్రంలో వేటకు వెళ్లే మనిషి. ఒడ్డుకు వస్తుండగా అలకు పడవ తిరగబడి, దాని అంచు నడుం మీద పడింది. వెన్నుపాము దెబ్బతిని నడుం కింద స్పర్శ పోయింది. ఆపరేషను అయ్యాక మా విభాగానికి పంపారు. అప్పటికి అతనికి నలభై ఏళ్లు కూడా లేవు. వల లాగిన చేతులు కావడంతో భుజాల్లో బలానికి కొదవ లేదు. నా సర్వీసులో అంత పట్టుదల ఉన్న మనిషిని చూడలేదు.

చక్రాల కుర్చీ నుంచి మంచానికి, మంచం నుంచి కుర్చీకి మారడాన్ని మా వృత్తిలో ట్రాన్స్‌ఫర్ అంటారు. ఉద్యోగులు హడలిపోయే ట్రాన్స్‌ఫర్ వేరు, ఇది వేరు. ముందు చక్రాలు రెండింటికీ బ్రేకు వేయాలి. పాదాల పలకలు మడిచి, చచ్చుబడిన కాళ్లను చేత్తో ఎత్తి నేల మీద పెట్టుకోవాలి. ఒక చెయ్యి మంచం మీద, మరో చెయ్యి కుర్చీ మీద గట్టిగా ఆనించి తల ఒక వైపు వంచితే, నడుం రెండో వైపు లేస్తుంది. చూడ్డానికి చిటికెలో అయిపోతుంది గానీ నేర్చుకోవడానికి నెలలు పడతాయి. నూకరాజు చాలాసార్లు కింద పడ్డాడు. పడ్డ ప్రతిసారీ నన్ను చూసి నవ్వేవాడు. సరిగ్గా కుదిరిన ప్రతిసారీ నేను "శభాష్" అనేవాణ్ని. అది నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో అబ్బిన అలవాటు. డాక్టరుకు మందు ఎలాగో, మాకు ఆ మాట అలాగ.

అతను ట్రాన్స్‌ఫర్ నేర్చుకున్నాక అందరికంటే ఎక్కువ తెరిపిన పడ్డది అతని భార్య పోలమ్మ. అంతకుముందు అతన్ని మంచం దించడానికి పక్కింటి మగవాళ్ల కోసం ఎదురుచూసేది. తర్వాత తనొక్కతే ఓ చెయ్యి వేస్తే సరిపోయేది; పొద్దున్నే హార్బరుకు పోయి చేపలు కొనుక్కుని, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముకునేది. అతనికి వచ్చే పెద్ద పింఛను కాక ఆ ఇంట్లో మళ్లీ రెండో సంపాదన మొదలైంది.

శిబిరానికి నూకరాజు ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. బోర్డులో నేనుండటం చూసి అతని మొహం వికసించింది. నేను గ్రేడ్లు వేశాను. రెండు కాళ్లకూ సున్నాలే. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. నీ అంతట నువ్వు మంచం ఎక్కగలవా అని అడిగారు. నూకరాజు ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

"ఎందుకెక్కనేను? సార్ నేర్పీసినారు గదా, సూడండి" అన్నాడు.

బ్రేకులు వేశాడు, పలకలు మడిచాడు, కాళ్లు సర్దుకున్నాడు. ఒక్క ఊపున మంచం మీదున్నాడు. మా విభాగంలో కూడా అంత చక్కగా ఎప్పుడూ చేయలేదు. నా నోటి నుంచి ఆ మాట వచ్చేసింది. శభాష్ అన్నాను, అదీ గట్టిగా. డాక్టరు కూడా మెచ్చుకోలుగా తల ఊపి రాసుకున్నారు. నేను నా గడిలో "స్వయంగా మంచం ఎక్కగలడు, దిగగలడు" అని రాసి సంతకం పెట్టాను. డాక్టరుది తప్పని నేననను. ఆయన చూసింది ఆయన రాశారు. నేనూ చూసిందే రాశాను. కానీ నాకు తెలిసింది ఇంకా చాలా ఉంది.

నోటీసు వచ్చాక పోలమ్మ నన్ను వెతుక్కుంటూ ఆసుపత్రికి వచ్చింది. పెద్ద పింఛనుకు అర్హత లేదు, మామూలు పింఛనుకు మార్చాం, అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకోవచ్చు అని అందులో ఉంది.

"బాబూ, ఈడు సొంతంగా మంచమెక్కినాడని పింఛను దించీసినారంట. మంచమెక్కడం తప్పేటి బాబూ?" అని అడిగింది. కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మొహం చూడలేక నోటీసే మళ్లీ మళ్లీ చదివాను.

అప్పీలు పద్ధతి కష్టమేమీ కాదు. వాళ్ల ఊరి సచివాలయంలో దరఖాస్తు ఇస్తే వేరే ఆసుపత్రిలో వేరే డాక్టర్లు మళ్లీ పరీక్షిస్తారు. దరఖాస్తుకు కొత్త నివేదిక జత చేయవచ్చు. అందులో ఏం రాయాలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. శిబిరంలో మంచం కుర్చీ ఎత్తుకు సమానంగా ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ నేర్పే రోజుల్లో యారాడ వెళ్లి చూశాను, అతని నులక మంచం మోకాలి ఎత్తు కూడా ఉండదు; దాని మీదకు దిగగలడు గానీ, తిరిగి కుర్చీలోకి ఎక్కాలంటే పోలమ్మ చెయ్యి వేయాల్సిందే. స్నానాల గది ఇంటి బయట ఉంది, మధ్యలో ఇసుక. ఇసుకలో కుర్చీ చక్రం తిరగదు. గొట్టం మార్చాలన్నా, స్నానం చేయించాలన్నా, వెనక పుండు పడిందేమో చూడాలన్నా పోలమ్మే కావాలి. ఇదంతా నిజం. రాసి సంతకం పెడితే చాలు.

అయితే అలా రాస్తే నా మొదటి రిమార్కు అసంపూర్తిగా రాశానని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. సంజాయిషీ అడుగుతారు. అప్పటికి నా పింఛను కాగితాలు ఆఫీసులో నడుస్తున్నాయి. అతని పింఛను నా చేతిలో ఉండగా నేను నా పింఛను గురించి ఆలోచించాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అందుకని సులువైన దారి చెప్పాను. ఈసారి మంచం ఎక్కమంటే ఎక్కలేనని చెప్పమను, నువ్వే ఎత్తి పడుకోబెట్టు అన్నాను. పోలమ్మ నోటీసు మడిచి కొంగున కట్టుకుంది. తర్వాత "ఆడు ఒప్పుకోడు బాబూ, మీ మాటని సెప్తే ఇంటాడేమో" అంది. నా మాటగానే చెప్పమన్నాను.

ఫిజియోథెరపిస్టుల కొరత వల్ల ఆ అప్పీలు పరీక్షకు కూడా నన్నే డెప్యుటేషన్ మీద పంపారు. నూకరాజు మాసిన లుంగీతో, పెరిగిన గడ్డంతో వచ్చాడు. మంచం ఎక్కగలవా అని అక్కడి డాక్టరూ అడిగారు.

"ఎక్కనేను సార్" అన్నాడు. ఈసారి నా వైపు చూడలేదు.

పోలమ్మ వంగి అతని చంకల కింద చేతులు వేసింది. ఆ క్షణంలో నూకరాజు కుడి చెయ్యి అలవాటు కొద్దీ బ్రేకు మీదకు వెళ్లింది. వెంటనే వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. డాక్టరు గమనించలేదు. నేను చూశాను, తల దించుకుని గ్రేడ్లు వేశాను. కాళ్లకు మళ్లీ సున్నాలే. రిమార్కుల్లో "ఇతరుల సాయం అవసరం" అని రాశాను. నా పాత రిమార్కు తీసి చూసి నన్నెవరూ ఏమీ అడగలేదు. పెద్ద పింఛను తిరిగి వచ్చింది.

రిటైరయ్యాక మళ్లీ ఒకసారి యారాడ వెళ్లాను. పోలమ్మ ఇంట్లోనే ఉంది. చేపల బుట్ట చూరు కింద బోర్లించి ఉంది. ఒకప్పుడు వల లాగిన నూకరాజు భుజాలు జారిపోయి ఉన్నాయి. పుండు పడిందని పోలమ్మ చెప్పింది. చూస్తానన్నాను. కుర్చీలోంచి మంచం మీదకు మార్చడానికి ఆమె ముందుకు వచ్చింది. ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు కదా, నువ్వే ఎక్కు అన్నాను.

"వద్దు సార్. ఆ అలవాటు పోతేనే మంచిది. మర్సిపోయి ఎవులి ముందరైనా సేసీగల్ను. ఎవులో ఫోటో తీసి ఆఫీసోల్లకి పంపీగల్రు" అన్నాడు.

పోలమ్మ ఎత్తింది. నేను కాళ్లు పట్టుకుని సాయం చేశాను. పుండు కడిగి కట్టు కట్టి వచ్చేశాను.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. మనిషి మీ ముందు మంచం ఎక్కితే, ఆ మంచం ఎత్తు ఎంతో రాయండి. అతని ఇంట్లో మంచం ఎత్తు ఎంతో అడిగి అదీ రాయండి. మొదటిసారే రాయండి. నూకరాజు విషయంలో ఆ రెండు వాక్యాలు సరిపోయేవి. రాయడానికి గడి ఉంది, నాకు తెలుసు, కలం నా చేతిలోనే ఉంది. నేను రాయలేదు కాబట్టి, నేను నేర్పిన విద్యను అతను దాచుకోవాల్సి వచ్చింది. దాచి దాచి, ఇప్పుడు నిజంగానే మంచం ఎక్కలేడు.