మా అన్న సానపట్టిన పదును

వాకాడు రోడ్డు పక్కన మా ఇంటి ముందు గదే లేత్ షాపు. మా ఆయన పేరు సమాధానం. మిషను ముందు నిలబడ్డాడంటే నేను పక్కన కళ్లు తిరిగి పడినా చూడడు. ఆ మిషనంటే అంత పిచ్చి. మా అన్న హెన్రీ అంటే ఇంకా పిచ్చి. అన్న తన జతగాడికే నన్నిచ్చి పెళ్లి చేశాడు. ఇద్దరూ ఒకే మిషను మీద బతికారు. అన్న పోయి మూడేళ్లయింది.

వాళ్ల పని తీరే వేరు. అన్న ఇనుమును కోసే టూలు సానపట్టేవాడు, మా ఆయన లేత్ నడిపేవాడు. పదును కుదిరిందో లేదో బొటనవేలి గోటి మీద ఆనించి చూస్తారు. జారితే మొండి, కరుచుకుంటే పదును. సానపట్టినవాడు తన గోటిని నమ్మకూడదన్నది అన్న పెట్టిన రూలు. "నా పని నాకు ముద్దే కద బావా, నీ గోరియ్యి" అనేవాడు. మా ఆయన ఇనప ముక్కను పట్టి తిప్పే చక్ మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపేవాడు. పెళ్లిచూపులనాడు గీతలతో నిండిన ఆ గోరు చూసి ఇదేం జబ్బోనని హడలిపోయాను.

అన్న సానపట్టిన టూళ్లలో ఒక్కటే మిగిలింది. చిటికెన వేలంత ఉక్కు ముక్క. దాన్ని గుడ్డలో చుట్టి బైబిలు పక్కన దాచి, ముట్టుకోవద్దని మా ఆయనకు గట్టిగా చెప్పాను. ఆయన ఇప్పుడు కార్బైడ్ ముక్కలు కొని వాడుతున్నాడు. వాటికి సాన అక్కర్లేదు, అరిగితే పారేయడమే.

మొన్న జూన్‌లో సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే ముందురోజు చిన్నపోలయ్య గోనెసంచి మోసుకొచ్చాడు. అందులో తన బోటు ఇంజనునూ నీళ్లలో తిరిగే ఫ్యాను షాఫ్టునూ కలిపే ఉక్కు కప్లింగు ఉంది.

"నట్టు పైకి పొడుచుకోని వస్తా ఉండాదన్నా. లోపలికి కూర్చునేట్టు చేసియ్యి. రేపు తెల్లారితే అందరి బోట్లూ పోతాయి, నాదొక్కటే ఒడ్డునుంటే ఎట్ట?"

రంధ్రం మూతి వెడల్పు చేసి, లోపల బల్లపరుపుగా మెట్టు కొయ్యాలి. డ్రిల్లు పెడితే అడుగు వాలుగా వస్తుంది, నట్టు సరిగా కూర్చోదు. అందుకని మా ఆయన కార్బైడ్ బిగించాడు. కానీ ఆ రంధ్రంలో ఒక పక్క, షాఫ్టు జారకుండా చీల దిగే తాళం గాడి ఉంది. తిరిగిన ప్రతిసారీ టూలు ఆ గాడి అంచుకు కొట్టుకుంది. టకటకమని కాసేపు మోగి, కార్బైడ్ మూల ఎగిరిపోయింది. ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. ఆ దెబ్బలు తట్టుకునేది పాతకాలపు టూలు ఉక్కే.

ఆయన నావైపు చూశాడు.

"చూడబాక" అన్నాను.

"గుడ్డలో ఉండేదే పనికొస్తాది జయా."

"అట్నే వాడతావా?"

"ఈ బొక్కలో పట్టదు. దాని అడుగు బొక్క గోడకు రాసుకుంటాది. సాన పట్టాల."

నాకు ఒళ్లు మండింది. "మా అన్న చేసినది అదొక్కటే ఉంటే దాన్నీ అరగదీస్తావా?" అని అరిచాను.

చిన్నపోలయ్య బిక్కచచ్చిపోయాడు. "వద్దులే అక్కా, ఏదో చూసుకుంటా" అంటూ సంచి అందుకున్నాడు. ఎక్కడ చూసుకుంటాడు? నెల్లూరు పోయి వచ్చేసరికి బోట్లన్నీ వెళ్లిపోతాయి. వేట తెరిచే రోజున మా అన్న ఒక్క బోటునూ ఒడ్డున ఉంచినవాడు కాదు. లోపలికి పోయి గుడ్డ మూట తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

మా ఆయన సానరాయి ముందు నిలబడ్డాడు. అది అన్న చోటు. నిప్పురవ్వలు లేచాయి. అన్న పట్టిన పదును నా కళ్లముందే పోయింది. ఏడ్చాను, అందులో సిగ్గేముంది.

టూలు నీళ్లలో ముంచి తీసి, అన్నలాగే చక్ వైపు చాపాడు. అక్కడ ఎవరూ లేరు. ఎప్పుడూ అక్కడ నిలబడేది తనే. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

నేను వెళ్లి లేత్ ముందు నిలబడి బొటనవేలు పెట్టాను.

"జారతా ఉండాది" అన్నాను.

మళ్లీ సానపట్టి తెచ్చాడు. ఈసారి కరుచుకుంది. నా గోటి మీద సన్నటి తెల్లగీత పడింది.

చిన్నపోలయ్య బోటు అందరితోపాటే వెళ్లింది. ఆ టూలు ఇప్పుడు గుడ్డలో లేదు, మిషను పక్కన రేకు డబ్బాలో మిగతావాటితో ఉంది. ఆయన కార్బైడ్ తగ్గించి, ఉక్కు టూళ్లకు తనే సాన పట్టడం మొదలుపెట్టాడు. పని వచ్చినప్పుడల్లా షాపులోంచి కేక వినిపిస్తుంది.

"జయా, గోరియ్యి!"

పొయ్యి మీద కూర మాడుతున్నా పోతున్నాను.