పద్మిని పట్టుకుపోయిన టార్పాలిన్

గరాచర్మలో కార్లకు మెరుగు పెట్టే పద్మిని చెయ్యి ఎంత మెత్తనో, నోరు అంత గరుకు. డెలానీపూర్‌లో రిటైరైన గుమాస్తా దుర్గారావు తన ఎర్ర స్పోర్ట్స్ కారు మీది టార్పాలిన్ తీయగానే ఆవిడకు ఒళ్ళు మండింది. లోపల చిక్కుకున్న ఉప్పు చెమ్మకు రంగంతా బూడిదగుమ్మడికాయలా తెల్లబారింది.

"ఇన్నేళ్ళూ కప్పెట్టి ఉంచారా భయ్యా? ఊపిరాడక ఇలాగైపోయింది."

"ఈ చిన్న దీవిలో ఎక్కడికని తియ్యను దీదీ? మూడో గేరు వేసేలోపు సముద్రం వచ్చేస్తాది."

పద్మిని వాన మొదలవగానే కారును బయటికి తోయించి ఉప్పంతా కడిగించింది. ఆరాక, ఉన్న రంగు అరిగిపోకుండా, నిదానంగా పాలిష్ మిషన్ తిప్పింది. తెల్ల పొర దిగి, గీతలు పోయి, అడుగున దాగిన ఎరుపు పైకి తేలింది. అందులో చూసుకుని ఆవిడ బొట్టు సరిచేసుకుంది.

దుర్గారావు మురిసిపోయి, "బహుత్ అచ్ఛా" అంటూనే టార్పాలిన్ అందుకున్నాడు. పద్మిని దాన్ని లాక్కుని మడతపెట్టి చంకన పెట్టుకుంది.

"సముద్రం దాకానే తిప్పండి. చాలు దానికి."

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ కారు మిన్నీ బే రోడ్డు మీద బస్సు వెనకాల బుద్ధిగా పోతుంటుంది. పెద్ద వానలు పట్టాక దుర్గారావు ఉండబట్టలేక గరాచర్మ వెళ్ళి టార్పాలిన్ అడిగాడు.

పద్మిని పెరట్లోని గూటి వైపు చూపించింది.

"తీసేస్తే కోళ్ళు తడిసిపోతాయి భయ్యా."