కీబోర్డు ముట్టని అంకుల్

మంగళవారం పొద్దున ఫోన్‌లో అంకుల్ నంబరు కనబడగానే, "బ్యాకప్ నేనే తీసిపెట్టాను అంకుల్, ఈసారి మీరు మెచ్చుకోవాల్సిందే!" అని గడగడా మొదలుపెట్టేశాను. అవతల ఉన్నది ఆయన కాదు. మెయ్‌నూత్ యూనివర్సిటీలో చదువుకుంటున్న వాళ్ల అమ్మాయి. "ఆంటీ, డాడ్ ఈజ్ గాన్. హార్ట్ అటాక్," అంది. ఆదివారం మా వంటగదిలో టీ తాగి వెళ్లిన మనిషి! ఇది రాస్తూ కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కనున్న స్వోర్డ్స్‌లో అంకుల్ వాళ్లు మాకు మూడిళ్ల అవతల ఉండేవారు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది వరంగల్ వైపు, మాది తెనాలి వైపు. కంప్యూటర్ల ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నేనేమో పెద్దవాళ్లనూ రోగులనూ చూసుకునే కేరర్ పని మానేసి ఇంటి వెనక షెడ్డులో పచ్చళ్ల వ్యాపారం పెట్టుకున్నాను. మొదటి ఏడాదే, ఆవాలు సరఫరా చేసినవాళ్లు ఫోన్ చేసి ఒక బస్తాలో ఏదో కలిసింది, వాడొద్దన్నారు. అప్పటికే వాడేశాను. ఏ సీసాల్లోకి వెళ్లిందో నా నోటు పుస్తకంలో వెతికితే కారం మరకలు తప్ప ఏమీ దొరకలేదు. చేసిన ఆవకాయంతా పారబోసి గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే, నడకకు వెళ్తున్న అంకుల్ ఆగారు.

"ఇంకోసారి ఇలా అయితే దుకాణం మూసుకోవడమే అంకుల్," అన్నాను.

"ఏడ్వకు బిడ్డా. సరుకు, ఆర్డర్లు, ఏ సీసాల ఏమున్నదో అన్నీ ఒక్కకాడ జూపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంటది. ఎవలైనా ఊరికెనే వాడుకోవచ్చు. సర్వర్‌ల మనమే ఎక్కించుకోవాలె."

"మనమా? నాకు వాట్సాప్ తప్ప ఏమీ రాదు."

"గట్లయితే ఇంకా మంచిది. వచ్చినోళ్లు సదువకుంటనే ఎంటర్ కొడ్తరు."

"మనమే" అన్నారే గానీ, ఒక్కసారైనా కీబోర్డు ముట్టుకోలేదు మహానుభావుడు! చేతులు వెనక్కి కట్టుకుని నా కుర్చీ వెనక నిలబడేవారు. కూర్చోండి అంటే కూర్చునేవారు కాదు, కూర్చుంటే నిద్రొస్తుందట. నల్లటి స్క్రీన్ మీద ఒక్కో ఆజ్ఞా నేనే కొట్టాలి. కొట్టే ముందు అదేం చేస్తుందో తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే ఎంటర్ లేదు. నాకు ఒళ్లు మండేది. మీరు కొడితే రెండు నిమిషాల పని కదా అని సణిగితే, "నేను గొడ్తే నాది అయితది," అనేవారు.

మూడో రోజు స్క్రీన్ నిండా ఎర్రటి అక్షరాలు గీతలు గీతలుగా వచ్చాయి. అప్పుడాయన కిటికీ దగ్గర నిలబడి వాళ్లావిడతో, అదే మా ఆంటీతో, ఫోన్‌లో మాట్లాడుతున్నారు. తిరిగొచ్చి "అయిందా?" అన్నారు. పాపం, పెద్దాయన్ని ఎంతసేపు నిలబెడతాం అన్న మొహమాటంతో, "ఆఁ, అయింది అంకుల్," అనేశాను. ఆ పైన ఇంకో నాలుగు మెట్లు ఎక్కాం. తీరా చివర్లో ఏదీ తెరుచుకోలేదు. ఆయన నన్ను స్క్రీన్ పైకి జరపమని ఓపిగ్గా చదువుకుంటూ పోయి, ఆ ఎర్ర గీతల దగ్గర ఆగారు.

"ఇవి గప్పుడే వచ్చినయి గద! ఎందుకు జెప్పలే?"

"మీకు శ్రమ అని..."

కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వారు. "సర్వర్‌కాడ గూడ మొహమాటమేంది బిడ్డా! ఎర్రర్ అంటే తిట్టు గాదు, అడ్రసు. యాడ చెడిందో అదే చెప్తున్నది. ఏమైందని అడుగాలె గని బాగనే ఉన్నదంటే ఎట్ల?" అని, మొత్తం చెరిపించి మళ్లీ మొదటి నుంచీ చేయించారు. ఎర్ర గీత వచ్చిన ప్రతిసారీ పేపరు చదివినట్టు నాచేత పైకి చదివించారు. ఇప్పుడు ఏ సీసా అయినా ఇవ్వండి, అందులో ఏ బస్తా ఆవాలున్నాయో నిమిషంలో చెబుతాను. నా దుకాణం నిలబడిందంటే అది ఆయన చలవే.

పోయిన ఆదివారం సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించాలని రమ్మన్నాను. వచ్చారు. వస్తూనే, "ఒక కుర్చీ ఎయ్యి బిడ్డా," అన్నారు.

ఎప్పుడూ కూర్చోని మనిషి. వేశాను. కూర్చుని ఎడమ చెయ్యి రుద్దుకుంటున్నారు. నేను చూశాను. పదకొండేళ్లు కేరర్‌గా చేసినదాన్ని, చూడకుండా ఎలా ఉంటాను? ఒంట్లో ఎలా ఉంది అంకుల్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దాయన, ఏమనుకుంటారో, నొప్పేదైనా ఉంటే ఆయనే చెబుతారుగా అనుకున్నాను. నా కళ్లు స్క్రీన్ మీదే పెట్టుకున్నాను. పని అయ్యాక, "ఒక్క ఎర్ర గీత గూడ రాలే, గ్రాండ్!" అని లేచి వెళ్లిపోయారు.

ఒక్క మాట అడిగి ఉంటే! కారులో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లి ఉండేదాన్ని కాదా? ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచీ నాకు అన్నం సహించడం లేదు.

అంత్యక్రియలైన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ కెటిల్ పెట్టి, కప్పుల కోసం, ఇక్కడ ప్రెస్ అనే అలమర తలుపు తీశారు. ఇంక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"ఆంటీ, ఆదివారం అంకుల్ ఎడమ చెయ్యి రుద్దుకోవడం చూశాను. అడగలేదు. మొహమాటపడి ఊరుకున్నాను."

తిడతారనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను. ఆంటీ ప్రెస్ తలుపు మెల్లగా మూసి, నా వైపు తిరిగారు.

"నాకు గూడ కనవడ్డది బిడ్డా. శనివారం సంది రుద్దుకుంటనే ఉండిరి. అడిగితే ఇసుక్కుంటరని నేను గూడ ఊకున్న."

కెటిల్ మరిగి టక్కున ఆగిపోయింది. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని అక్కడే నిలబడిపోయాం. టీ ఎవరూ పొయ్యలేదు.